కాగితం వెంట వచ్చిన కృపామణి

కృపామణి అవ్వ, ఏబెల్ తాత వయసులో ఉన్నప్పుడు ఒకే కాలేజీలో, ఒకే ఏడాది ఫార్మసీ డిప్లొమా చదివారు. మార్కులు అవ్వకే ఎక్కువ. తాత ఈ మాట ఒప్పుకోడు, అలాగని కాదని కూడా అనడు. చదువయ్యాక ఆయనకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం వచ్చింది, ఆమె చిత్తూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో చేరింది. తరవాత పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ జీవితమంతా ఇచ్చింది అవే మాత్రలు, అదే దగ్గు మందు.

తేడా రిటైరయ్యాక తెలిసింది. తాతకు గ్రాట్యుటీ, పాత పద్ధతి పెన్షన్, హెల్త్ కార్డు వచ్చాయి. అవ్వకు శాలువా, పొడుగాటి ప్రార్థన, కొంచెం పీఎఫ్ వచ్చాయి. పీఎఫ్ పుత్తూరులో ఇంటి మీద గది వేయడానికి సరిపోయింది. ఇక ఆమె నెల పెన్షన్ సంగతి చెప్పాలంటే, తాతకు ఒక్కసారి డీఏ పెరిగితే ఆ పెరిగిన ముక్కతో సమానం.

ఏడాదికోసారి ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు తాత ఇస్త్రీ చొక్కా తొడిగి, సెంటు కూడా పూసుకుంటాడు. బతికే ఉన్నానని వాళ్లకు గట్టి నమ్మకం కలగాలని కాబోలు.

"నేను పోయినా నీకు ఫ్యామిలీ పెన్షన్ వస్తాది మణీ. నీకేం దిగులు?" అంటాడు.

"నువ్వు సల్లంగా ఉండప్పా. నీ సావు మీద నేను సంసారం లెక్కలు ఎయ్యను" అంటుంది అవ్వ.

తాత పిసినారి కాడు. అవ్వ అడిగితే ఇస్తాడు. కానీ "దేనికి?" అని అడిగి ఇస్తాడు. నెలనెలా సొంత జీతం తెచ్చుకున్న మనిషికి ఆ ఒక్క మాట గొంతులో మాత్ర అడ్డుపడ్డట్టు ఉండేది. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఖర్చు పెట్టుకునే డబ్బు తనకంటూ కొంచెం ఉండాలని ఆమె కోరిక.

అలాంటప్పుడు కుప్పుస్వామి వచ్చాడు. ఆయనకు పుత్తూరులో మందుల అంగడి ఉంది. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్లు నొప్పి మాత్రల కోసం అక్కడ ఆగుతారు. వ్యాపారం బాగా తెలిసినవాడే గాని ఫార్మసీ చదవలేదు. లైసెన్సు ఉండాలంటే చదివిన మనిషి సర్టిఫికెట్ గోడకుండాలి, ఆ మనిషి అంగట్లో ఉండాలి. ఇన్నాళ్లూ మునిప్రసాద్ అనే కుర్రవాడి సర్టిఫికెట్‌తో నడిపాడు. ఆ కుర్రవాడికి శ్రీ సిటీలో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. కంపెనీ బస్సు, క్యాంటీను, పీఎఫ్, ఈఎస్ఐ. సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిపోయాడు.

"అక్కా, నీ సర్టిఫికెట్ బాడుగకియ్యి. నువ్వు ఇంట్లోనే ఉండు, నెల కాంగానే డబ్బులు తెచ్చిస్తా" అన్నాడు కుప్పుస్వామి.

చాలాచోట్ల జరిగేదే కదా అనుకుంది అవ్వ. ఆమెకు తెలియని తప్పు కాదు. అయినా ఇచ్చింది. మొదటి నెల డబ్బు చేతికి రాగానే, ఎవరినీ అడగకుండా కొత్త చెప్పులు కొనుక్కుంది. వాటిని తాత ముందు అవసరానికి మించి టపటపలాడించింది కూడా.

ఒకరోజు ఆ చెప్పులేసుకునే బజారుకు వెళ్లి, తన బీపీ మాత్రల కోసం కుప్పుస్వామి అంగడి దగ్గర ఆగింది. ఆయన నిచ్చెనెక్కి, వీపు ఇటు పెట్టి పైఅరలో ఏదో వెతుకుతున్నాడు. బల్ల ముందు, చేతికి కట్టుతో, ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"నాకు కడుపులో పుండుండాదప్పా. ఈ నొప్పి మాత్ర మింగొచ్చునా? మందులు సదివినోళ్లు ఎవురూ లేరా ఈడ?" అని అడిగాడు ఆయన.

"ఎందుకు లేరు? కృపామణమ్మ అని పెద్దామె. అదో, గోడకు పేరుండాది సూడు. లోపల అన్నం తింటా ఉండాది. ఆమె మింగొచ్చుననే చెప్పింది" అన్నాడు కుప్పుస్వామి, తిరిగి చూడకుండా.

కృపామణి అవ్వకు కోపమొస్తే కమ్మలు ఊగుతాయి. ఆ రోజు గట్టిగానే ఊగాయి.

"తినేసినాలే. దిగు" అంది.

నిచ్చెన మీద మనిషి దిగడం మరిచిపోయాడు. అవ్వ లోపలికి వెళ్లి, పెద్దాయన చేతిలోని మాత్రలు తీసుకుని, పుండున్నవాళ్లు ఇవి మింగకూడదని చెప్పి, డాక్టర్ దగ్గరికి పంపింది. ఆ తరవాత ఇంటికి వెళ్లలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉంది. మర్నాడు అంగడి తెరవకముందే వచ్చి మెట్టు మీద కూర్చుంది.

వారం తిరిగేసరికి కుప్పుస్వామికి బీపీ వచ్చేట్టుంది. డాక్టర్ చీటీ లేనిదే అవ్వ యాంటీబయాటిక్ ఇవ్వదు. నిద్రమాత్రల అరకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికి పోతుంది. వచ్చినవాళ్లు పక్క అంగళ్లకు పోతున్నారు. చివరికి ఆయన ఫ్రేముతో సహా సర్టిఫికెట్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నేను అడిగింది కాగితమక్కా. దాంతోపాటు నువ్వూ వస్తావని యాడ చెప్పినావు?"

అవ్వ ఫ్రేము చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

"ఊరికే వచ్చే డబ్బు పోగొట్టుకొంటివే మణీ" అన్నాడు తాత.

"ఊరికే రాలేదు. నా పేరు మీద అబద్ధం చెప్తే వచ్చింది. ఆ మాత్ర మింగి ఆ పెద్దాయనకేమన్నా అయుంటే నా పేరే కదా చెప్పుకొనేది?" అంది అవ్వ.

ప్రభుత్వంలో ఉన్నన్నాళ్లూ తాత పేరుతో ఎవరూ అలా మాత్ర అమ్మలేదు, అది ఆయనకు తెలుసు. అవ్వ మళ్లీ ప్రతిదానికీ తాతనే అడగవలసి వచ్చింది. అయినా ఆ ఫ్రేము ఇంకెవరి గోడకూ ఇవ్వలేదు. నగరి నుంచి ఒకాయన ఇంకా ఎక్కువ బాడుగ ఇస్తానన్నా తలుపు దగ్గరే మజ్జిగ తాగించి పంపేసింది.

కుప్పుస్వామి పుత్తూరంతా వెతికాడు, తిరుపతిలోనూ అడిగాడు. కొత్తగా చదివినవాళ్లు కొందరు కంపెనీ బస్సులెక్కేశారు, మిగిలినవాళ్లు చెన్నైకి పోయారు. ఇన్‌స్పెక్టర్లు తిరుగుతున్నారని విన్నాక అవ్వ ఇంటికి వచ్చి, తమలపాకులు, పండ్లు ఉన్న సంచీ గడప దగ్గర పెట్టాడు.

"పెండ్లి చూపులకు వచ్చినావా ఏంది?" అంది అవ్వ.

"రాక్కా. కాగితమూ రా, నువ్వూ రా."

"బాడుగ నాకొద్దు. జీతం ఇయ్యి. మునిప్రసాద్‌కు ఇచ్చినంత."

"వాడు కుర్రోడక్కా, మూటలెత్తేవాడు."

"నేను మూటలెత్తను. తప్పు మందు ఇయ్యను. నీకు ఏది కావాల?"

కుప్పుస్వామి తాత వైపు చూశాడు. తాత పేపరు అడ్డం పెట్టుకున్నాడు, తిరగేసి పట్టుకున్న సంగతి గమనించకుండా.

"సరే జీతమే. పీఎఫ్, పెన్షను మాత్రం అడగబాకక్కా."

"ఆ వయసు దాటినాను. ఆదివారం చర్చికి పోవాల, సెలవియ్యి. ఆనుకోను వీపున్న కుర్చీ ఒకటి తెప్పించు. ముప్పై ఏండ్లు నిలబడే ఇచ్చినాను మందులు."

కుర్చీ సోమవారమే వచ్చింది. ఆ రోజే ఒక కుర్రవాడు వచ్చి చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. అతడు కుప్పుస్వామి వైపు తిరిగి, "ఏమన్నా, ఎప్పుడూ ఇచ్చేవాడివే కదా?" అన్నాడు.

కుప్పుస్వామి చిల్లర సర్దుకుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"పోయి చీటీ తీసుకోనిరాప్పా. ఆమె ఇయ్యదు. తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉండాది."