ఫస్ట్ ఔట్ అప్పలసూరి

సాలూరు లారీల అసోసియేషన్ రమ్మీ పోటీలో అందరికంటే ముందు ఓడిపోయేది అప్పలసూరి. తొమ్మిదేళ్లుగా ఇందులో మార్పు లేదు. ముప్పై ఏళ్లు రాయపూర్ ఘాట్ రోడ్డులో లారీ తోలి, బండి మీద గీత కూడా పడనివ్వని మనిషి పేక పట్టుకుంటే చాలు, రెండో ఆటకే బోల్తా. బల్ల అదిరేలా "షో!" అని అరిచేవాడు. తీరా పరిచిన ముక్కలు చూస్తే వరసలు కుదిరేవి కావు, షో ఉండేది కాదు.

"మళ్లీ రాంగ్ షోయేటి మావా?" అనేవాడు ప్రెసిడెంటు జగన్నాధం.

"కళ్లజోడు మార్సాలిరా."

తొమ్మిదేళ్లలో ఆరు కళ్లజోళ్లు మారాయి. షో ఒక్కటే మారలేదు.

2014లో ఆ అసోసియేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేరింది ఝాన్సీ. వార్షికోత్సవం పోటీలో స్టాఫ్ కూడా ఆడాల్సిందేనని జగన్నాధం హుకుం. గోడకు మూడు కాగితాలు అంటించారు: నూటొకటి, రెండొందలొకటి, డీల్స్. ఎందులో పేరు రాయాలో ఆమెకు పాలుపోలేదు. పేక కలపడమే సరిగ్గా రాదు. ఓడిపోతానన్న దిగులు లేదు గానీ, అంతమంది చూస్తుండగా అందరికన్నా ముందు కుర్చీలోంచి లేవాలంటేనే భయం.

వెళ్లి వెళ్లి అప్పలసూరినే సలహా అడిగింది.

"సూడు తల్లీ, రమ్మీలో పాయింట్లు పెరక్కూడదు. నూటొకటి అంటే బొబ్బిలి ట్రిప్పు, ఇట్టే అయిపోద్ది. నూటొకటి పాయింట్లు పడ్డాయా, దిగిపోడమే. రెండొందలొకటి రాయపూర్ లోడు. దార్లో రెండుమార్లు పంచరైనా సర్దుకోవచ్చు. డీల్స్ ఉన్నాది సూడు, అది టికెట్టు కొన్న బస్సు. ఆరాటలూ అయ్యేదాకా ఎవుడూ దింపడు."

"నాకేది మంచిది బాబాయ్?"

"కొత్తోళ్లకి బస్సే సుకం."

ఝాన్సీ రాత్రంతా ఆలోచించి, పరువు పోయేదేదో తొందరగా పోతే మేలనుకుని నూటొకటిలో పేరు రాసింది. మధ్యాహ్నం చూస్తే, రెండొందలొకటిలో ఉన్న అప్పలసూరి పేరు కొట్టేసి ఉంది. నూటొకటిలో ఆమె పేరు కిందికి వచ్చింది.

వారం రోజులు అతనే ఆట నేర్పాడు. "ఏది పారీసినా పర్లేదు గానీ జోకర్ని పారీకు. అది ఏ ముక్క లేపోతే ఆ ముక్క" అని రోజుకు పదిసార్లు చెప్పాడు.

పోటీ రోజు ఆరుగురి బల్ల. మొదటి ఆటలోనే ఝాన్సీకి ఎనభై పాయింట్లు పడ్డాయి. అప్పలసూరికి నలభై. రెండో ఆటలో ఆమె చేతిలో ఒక్క సీక్వెన్సూ కుదరలేదు. ఎవరు షో కొట్టినా ఆమె ఇంటికే. వెనకాల జనం గుమిగూడారు.

"షో!" బల్ల అదిరింది. అప్పలసూరి ఒక ముక్క బోర్లా పడేసి మిగతావి పరిచాడు. జగన్నాధం వంగి చూసి తల పట్టుకున్నాడు. రాంగ్ షో. కొట్టినవాడికి ఎనభై, మిగతావాళ్లకు సున్నా. హాలంతా ఘొల్లుమంది. అప్పలసూరి కళ్లజోడు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయాడు.

తర్వాత పంచే వంతు ఝాన్సీది. ముక్కలు పోగుచేస్తూ, అతను బోర్లా పడేసిన ముక్క తిప్పింది. జోకరు. అది పారేయకుండా ఉంటే షో రైటే.

ఇంకో మూడాటలు ఆడి, మూడో మనిషిగా ఔటై, నేరుగా వరండాలో కూర్చున్న అప్పలసూరి దగ్గరికి వెళ్లింది.

"జోకరు పారేశావేం బాబాయ్?"

"కళ్లజోడు..."

"కళ్లజోడు బాగానే ఉంది."

అప్పలసూరి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కూర్మయ్యని ఒక మెకానిక్కుండేవోడమ్మా. మొదటిసారి ఆడి, మొదటే ఔటైపోనాడు. అందరం నవ్వీసినాం. నా గొంతే పెద్దది. మరింకాడు ఇటేపు రానేదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవులికీ సెప్పకు. సెప్తే వచ్చే ఏడు నన్నెవుడూ నమ్మడు."

ఆమె ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు నరసింగరావనే కొత్త గుమస్తా మూడు కాగితాల ముందూ తచ్చాడి, రెండొందలొకటిలో పేరు రాశాడు. గంటలో దాని కింద అప్పలసూరి పేరు, దాని కింద ఝాన్సీ పేరు చేరాయి.

పోటీలో అప్పలసూరి మెల్లగా పాయింట్లు పోగేసుకుంటూ సమయం కోసం చూస్తున్నాడు. ఇంతలో "షో!" అని పక్కనుంచి కేక. ఝాన్సీది. రాంగ్. రెండాటలాగి మళ్లీ "షో!" అంది. అదీ రాంగే. ఆ తర్వాత ఆటకు ఆమె ఔట్. హాలంతా నవ్వుతుంటే తనూ నవ్వుతూ లేచింది.

"ఏటే తల్లీ ఇది?" అప్పలసూరి చేతిలో ముక్కలు కింద పెట్టేశాడు.

"ఈ ఏడు నా వంతు బాబాయ్. నువ్వు ఆడుకో."

పదేళ్లుగా ఆడని ఆటంతా ఆ పూట ఆడాడు అప్పలసూరి. నరసింగరావు నాలుగోవాడిగా లేచి, ఎవరూ తన వంక చూడకపోవడంతో హాయిగా కాఫీకి వెళ్లాడు. చివర్లో "షో" అని అప్పలసూరి నెమ్మదిగా అంటే ఎవరూ నమ్మలేదు. జగన్నాధం మూడుసార్లు లెక్క చూసి, మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్ తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. అప్పలసూరి బిక్కమొహంతో ఝాన్సీ వైపు వంగాడు.

"గెలిసినోళ్లు ఇప్పుడేటి సెయ్యాలే? నాకిది కొత్త."