కలర్ లేని కెమెరా

ఆ పెళ్ళి కావేరిపట్టణంలో జరిగింది. అప్పుడు నేను హోసూరులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. ఆడమనిషిని కాబట్టి పెళ్ళికూతురి గదిలోకి పంపేది నన్నే. ఆ పిల్ల హోసూరు ఫ్యాక్టరీలో ఇంజన్ భాగాలు బిగించే లైనులో పనిచేసేది. నల్లటి పిల్ల. జడ లాగుతుంటే నొప్పికి తిడుతూ, అంతలోనే పకపకా నవ్వుతూ, ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. ఆ నవ్వు దొరికినప్పుడల్లా తీశాను.

ఆల్బం ఇవ్వడానికి వాళ్ళ అత్తగారింటికీ నేనే వెళ్ళాను. ఆ పిల్ల మొదటి పేజీ తిప్పి ఆగిపోయింది. తర్వాత తన చేతిని ఫోటోలోని చేతి పక్కన పెట్టి చూసుకుంది. ఫోటోలో ఉన్నది మైదాపిండి ముద్దలాంటి చెయ్యి.

"అక్కా, ఈమె ఎవురు?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు, "ఇప్పుడే బాగుండాది. చుట్టాలకు చూపించేదానికి అయితాది" అంది. ఆ పిల్ల ఆల్బం మూసి లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో హోసూరు దాకా పళ్ళు కొరుకుతూనే వచ్చాను. స్టూడియోలో ఓనరు కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకో పెళ్ళికూతుర్ని తెల్లగా తోముతున్నాడు.

"ఎవురు చెయ్యమన్నారన్నా ఇట్ల? ఆ పిల్ల మొకం యాడ పోయింది?"

"ఎవురో చెప్పేదేముందమ్మా? పిల్ల కలర్ తక్కువ. కొంచెం కలర్ ఎత్తినాను. అందరూ అదే అడుగుతారు."

కలర్ తక్కువ. నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగి, మెట్లు దిగుతూ అన్న మాట కూడా అదే. మా వైపు తమిళం మాట్లాడినా, కన్నడం మాట్లాడినా, తెలుగు మాట్లాడినా ఆ మాట మాత్రం మారదు. కలర్ అంటే తెలుపు. నలుపు వీళ్ళకి రంగే కాదు. మెమరీ కార్డు బల్ల మీద విసిరికొట్టి బయటికి వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నా సొంత కెమెరాలు, లెన్సులు అన్నీ అమ్మి, చీటీ ఎత్తి, బెంగళూరులో ఒకరు వాడిన కెమెరా కొన్నాను. రేంజ్‌ఫైండర్. ఫోకస్ చేత్తోనే కుదుర్చుకోవాల్సిన రకం. డిజిటలే, కానీ దానికి రంగులు తెలియవు. వెలుగునీ నీడనీ మాత్రమే పట్టుకుంటుంది. అమ్మేవాడు నన్ను హెచ్చరించాడు.

"ఇదే ధరకి కలర్‌ది ఉంది మేడమ్. కావాలంటే అందులోనే బ్లాక్ అండ్ వైట్ చేసుకోవచ్చు. దీంట్లో తీస్తే మళ్ళీ రంగు రమ్మన్నా రాదు."

"రాకూడదనే కొంటా ఉండాను!"

పాపం, ఆయన తప్పేమీ లేదు. నా గొంతుకి కొట్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నలుపు తెలుపులో కూడా ముఖాన్ని తెల్లగా తోమొచ్చని నాకు తెలుసు. కానీ రంగు ఫైలంటూ ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, బతిమాలతారు, ఏదో ఒకరోజు విసిగిపోయి నేనూ ఒప్పుకుంటాను. ఆ దారే లేకుండా చేసుకున్నాను.

మొదట ఆ పెళ్ళికూతురికే ఫోన్ చేశాను. షిఫ్టు దిగి యూనిఫాంలోనే మా ఇంటికి వచ్చింది. కిటికీ పక్కన నిలబెట్టాను. ఈ కెమెరాలో నడిమధ్య చిన్న గడిలో ముఖం రెండుగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతూ రెండింటినీ ఒకటి చెయ్యాలి. ముక్కుపుడక మీది రెండు మెరుపులు కలిసేదాకా తిప్పి నొక్కాను. చెంప నల్లగా, చిక్కగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆ పిల్ల అది చూసి, "పెద్దది వేసియ్యక్కా" అంది. దాన్ని అత్తగారింట్లో హాల్లో తగిలించింది. అత్తగారు తీసి బీరువా వెనక పెట్టింది. ఈమె మళ్ళీ తగిలించింది.

ఆ గొడవంతా విని, ఆమె లైనులోనే పనిచేసే ఇంకో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది, ముఖానికి దట్టంగా పౌడరు పూసుకుని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పో, మొకం కడుక్కొని రా."

ఆ అమ్మాయి కదల్లేదు. "ఏమక్కా, ఆ స్టూడియో ఆయప్ప తెల్లగా చేస్తే తప్పు, నువ్వు కడగమంటే ఒప్పా? పౌడరు పూసుకొనింది నేనే. ఇది నా మొకం."

ఆ మంటతోనే కెమెరా ఎత్తాను. ఆమె కూడా మండిపడుతూనే లెన్సులోకి చూసింది. కనుబొమల్లో అతుక్కున్న పౌడరు, మెడ దగ్గర అది ఆగిపోయిన గీత, అన్నీ పడ్డాయి. చూపించాను.

"కండ్లు బాగుండాయి" అని, ఇంకొకటి తియ్యమంటూ మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది.