పక్కింటి రొయ్యలు, మా రాగి బిందె

నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. బ్యాంకు కౌంటరు వెనక ఇరవై ఏళ్ళు కూర్చున్నవాడికి ఆ జబ్బు రాకపోతేనే ఆశ్చర్యం. బదిలీ మీద సూరత్ వచ్చి, కతర్‌గామ్‌లో అద్దెకి దిగిన మూడో ఏడు, పక్కింటాయన దీపావళికి ఊరెళ్తూ తన రొయ్యల తొట్టిని మా ఇంట్లో పెట్టి నాకు అప్పగించాడు. నా తెలివి ఆయనకీ తెలిసొచ్చిందనుకున్నాను.

ఆయన వజ్రాలు సానపట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. రోజంతా భూతద్దంలోంచి చూసి చూసి మండిన కళ్ళకి చల్లగా ఉంటుందని ఇంట్లో గాజుతొట్టి పెట్టుకున్నాడు. అందులో చేపలు లేవు. బొంబాయి నుంచి తెప్పించిన మంచినీటి రొయ్యలు, గోరంతవి, కుంకుమ రంగువి. పదితో మొదలుపెట్టి, పిల్లలు పెట్టించి, ముప్ఫై రెండు చేశాడు.

ఆ భవనంలో మేం తప్ప అందరూ శాకాహారులే. మాది భీమవరం వైపు. రొయ్యల వేపుడు చేసిన రోజు కిటికీలన్నీ బిగించుకునేవాళ్ళం. దాంతో దొంగ చేతికి తాళాలిచ్చావని అందరూ ఆయన్ని ఆటపట్టించారు. కింది అంతస్తులో అందరూ మాసీ అని పిలిచే పెద్దావిడ నన్నే మెట్ల మీద ఆపి, "ఆయన వచ్చేసరికి ఎన్ని మిగులుస్తారు సాహెబ్?" అంది. పైకి నవ్వాను గాని లోపల చురుక్కుమంది. ఒక్కటి తగ్గినా మేం తిన్నామంటారు. ఆ భవనంలో మా ఇంటికొచ్చి టీ తాగే మనిషి ఈయనొక్కడే. ఈయన కూడా అలా అనుకుంటే ఇక మా గడప ఎవరూ తొక్కరు.

వెళ్ళేముందు ఫిల్టరు కడగడం నేర్పాడు. ఫిల్టరంటే పెద్ద యంత్రమేం కాదు, గాలి మోటారుకి గొట్టంతో తగిలించిన నల్లటి స్పాంజి.

"సాహెబ్, దీన్ని నల్ కింద, అదే మీ కుళాయి కింద పెట్టారో, ఖతం. నల్ నీళ్ళలో మందు ఉంటుంది. నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులన్నీ ఈ స్పాంజిలోనే బతుకుతాయి, ఆ మందుకి అవి చస్తాయి. సబ్బు తగలని మగ్గుతో తొట్టి నీళ్ళే తీసుకోండి. మోటారు ఆపి, స్పాంజిని అందులో రెండుసార్లు మెల్లగా పిండండి. తళతళలాడక్కర్లేదు. మగ్గులో రొయ్యపిల్లలేమైనా పడ్డాయేమో చూసి, అప్పుడు పారబోయండి. తగ్గిన నీళ్ళకి బదులు, బకెట్లో ఒకరోజు నిలవబెట్టిన నీళ్ళు పోయండి. అంతే."

ఊరి ఫోను నంబరు కూడా రాసిచ్చి, మూడు వారాల సెలవుకి సౌరాష్ట్ర బస్సెక్కాడు.

ఎనిమిదో రోజున స్పాంజికి మురికి పట్టి గాలి బుడగలు తగ్గాయి. చెప్పినట్టే మోటారు ఆపాను, తొట్టి నీళ్ళలో స్పాంజి పిండాను, పిల్లలున్నాయేమో వెతికాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? స్నానాల గదిలో ఉండే ప్లాస్టిక్ బకెట్టులో నిలవపెట్టిన నీళ్ళు పోయడానికి నాకు మనసొప్పలేదు. మా ఆవిడ సారెలో తెచ్చుకున్న రాగి బిందె ఉంది. చింతపండుతో తోమి, రోజూ నీళ్ళు పట్టి పెడుతుంది. మేం తాగే నీళ్ళు అవే. మనుషులకి మంచివైనవి రొయ్యలకి మరీ మంచివి కదా అని, స్పాంజిని బిందె నీళ్ళతో ఇంకోసారి జాడించి, తొట్టిలో పావు వంతు అవే నింపాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు రెండు చచ్చాయి. చచ్చిన రొయ్య పాలిపోయి, అచ్చం మూకుడులో ఉడికిన రొయ్యలా ఉంటుంది.

"ఏవండీ, ఆయనకి ఫోన్ చెయ్యండి," అంది మా ఆవిడ.

"చేసి ఏం చెప్పను? పండగపూట, నీ రొయ్యలు చచ్చాయని చెప్పనా? నేను చూసుకుంటాగా!"

చూసుకున్నాను. మురికి మిగిలిపోయిందేమోనని, బిందె నీళ్ళు పోసిన మూడోరోజు మళ్ళీ స్పాంజి తీసి, బిందె నీళ్ళతోనే ఇంకా శ్రద్ధగా జాడించాను. ఆ మర్నాడు ఏడు పోయాయి. చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడతాయని, బాల్కనీలో మిరప మొక్క మొదట్లో పాతిపెట్టాను. మాసీ మెట్ల మీద ఎదురైతే తేలు కుట్టిన దొంగలా తప్పుకున్నాను.

ఆరోరోజు పొద్దున మా ఆవిడ బిందె తోముతూ తోముతూ ఆగింది.

"మా అమ్మ ఈ బిందె ఇస్తూ ఏమందో తెలుసా? ఇందులో నీళ్ళకి నెలైనా పురుగు పుట్టదు అంది. మరి ఆ గోరంతవి పురుగుల్లాంటివే కదండీ?"

నేను కుర్చీలో కూలబడ్డాను. బీయస్సీ కెమిస్ట్రీ చదివింది నేను, ఆవిడ కాదు. రాగి నీళ్ళలోకి దిగుతుందనీ, మనల్నేమీ చెయ్యని ఆ కాస్తే వాటికి విషమవుతుందనీ నాకు తట్టలేదు. వెంటనే బకెట్టులో నీళ్ళు పట్టి నిలవపెట్టాం. మర్నాటి నుంచి రోజూ కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు మార్చాను. స్పాంజినీ ఆ బకెట్టు నీళ్ళలోనే పిండాను. చావులు ఆగాయి. ఆలోపు ఇంకో పన్నెండు పోయి, పదకొండు మిగిలాయి.

ఊరి నుంచి మిఠాయి డబ్బాతో నేరుగా మా ఇంటికే వచ్చాడాయన. కూర్చోమనకుండానే మొత్తం చెప్పేశాను. రాగి, బిందె, మిరప మొక్క, ఏదీ దాచలేదు. ఆయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని మిగిలినవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"తిన్నారని నేననుకోను సాహెబ్. వీటిలో తినడానికేముంది?" అన్నాడు చివరికి. "మొదటిది పోయిన రోజే ఫోన్ చేసుంటే, రాగి ముట్టొద్దని అర నిమిషంలో చెప్పేవాణ్ణి. నంబరు రాసిచ్చాను కదా."

ఆరు రోజులు నా పరువు కాపాడుకుంటూ ఆయన రొయ్యల్ని చంపాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆయన కోప్పడలేదు. లేచి మోటారు ఆపి, తొట్టి నీళ్ళు మగ్గుతో తీసి నా చేతికిచ్చి, "పిండండి, నేను చూస్తాను," అన్నాడు. స్పాంజి తీసి మెల్లగా ఒకసారి పిండాను. నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. తరవాతేం చెయ్యాలో నాకు తెలుసు. అయినా మగ్గు పట్టుకుని ఆయన మొహంకేసి చూశాను.

"ఇంకోసారి పిండనా?" అని అడిగాను.