కాన్పు గదిలో తాడు

ఒడిశా కొండల్లో లమ్తపుట్ దాటి పైకెక్కే దారిలో ఉన్న చిన్న సర్కారీ ఆసుపత్రికి దేవకుమారి నర్సు. కొండల మీది వాళ్లకు దిది, అంటే అక్క. పెళ్లి కాకముందు వచ్చింది, జుట్టు అక్కడే నెరిసింది.

ఆ ఊళ్ల ఆడవాళ్లు పడుకుని కనరు. దూలానికి కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుని, గొంతుక్కూర్చుని కంటారు. వెనక మంత్రసాని నడుం పట్టుకుంటుంది. వెనకటికి సర్కారే ఆ మంత్రసానులను పిలిచి పని నేర్పింది, సబ్బూ బ్లేడూ దారమూ ఉన్న పెట్టె చేతికిచ్చింది. తర్వాత అదే సర్కారు మంత్రసాని చెయ్యి పెట్టకూడదంది, అందరూ ఆసుపత్రికే రావాలంది. తప్పేం కాదు. రక్తం ఆగక ప్రాణం పోయిన తల్లులను దేవకుమారి చాలామందిని చూసింది. కానీ రమ్మన్న చోట ఉన్నది ఎత్తయిన ఇనపబల్ల ఒక్కటే. శవాన్ని పడుకోబెట్టినట్టుందని ముఖం మీదే అనేసి వెళ్లిపోయేవారు.

అప్పుడు నాకు కబురు పెట్టింది. వెల్డింగు, తాపీ ఏది దొరికితే అది చేసేవాణ్ణి.

"అప్పలరాజన్నా, శ్లాబుకి కొక్కెం బిగించు. సూదీ మందూ నా సేతిలో ఉంటాయి, తాడు ఆళ్ల సేతిలో ఉండనీ."

బిగించాను. ప్రతి కాన్పుకీ ముందు నూలుతాడును నీళ్లలో మరగబెట్టేది. బుదురి అనే ముసలి మంత్రసానిని పక్కన నిలబడనిచ్చింది. జనం రావడం మొదలుపెట్టారు.

మొన్న వానల్లో తనిఖీకి వచ్చారు, గోడకు తగిలించే నాణ్యత సర్టిఫికెట్టు కోసం. తాడు చూసి, ఇది ఆసుపత్రా పశువుల కొట్టమా అన్నాడట ఆ వచ్చిన ఆఫీసర్లలో పెద్దాయన. ఆమె చెప్పబోతే వినలేదు. తాడు తీయించి, కొక్కేన్ని కూడా కోయించి, బల్లకు కొత్త రెక్సిను తొడిగించి ఫొటోలు తీసుకుని పోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పై ఊరి లొఖ్మి నొప్పులతో దిగివచ్చింది. తొలి బిడ్డను ఆ తాడు పట్టుకునే కన్నది. గుమ్మంలోంచి పైకి చూసింది. తాడూ లేదు, కొక్కెమూ లేదు. దేవకుమారి ఎంత బతిమాలినా అత్త ఆమెను వెనక్కి తీసుకుపోయింది. దేవకుమారి సంచి పట్టుకుని వానలో వెనకే కొండెక్కింది. దారిలోనే కాన్పయింది. రక్తం ఆగకపోతే సూది వేసింది, పొట్ట నొక్కి పట్టింది. బిడ్డ బతికింది. డోలీలో అంబులెన్సు దగ్గరికి దించేసరికి లొఖ్మి లేదు.

ఫోనులో పెద్దాయన అన్న మాట ఒక్కటే: ఈ జనానికి మూఢనమ్మకాలు ఎక్కువ.

సర్టిఫికెట్టు మాత్రం వచ్చింది.

మళ్లీ నాకు కబురు.

"కొక్కెమేనా సిస్టరుగారూ?"

"కొక్కెమయితే మళ్లీ కోసెస్తారు. ఈ గోడ నించి ఆ గోడకి ఇనప పైపు ఎయ్యి. గోడ పగలగొడితే గానీ రాకూడదు."

ఉజ్జోగం పోద్దన్నాను.

"ఉజ్జోగానికి ఇంకో మనిషొస్తాది. లొఖ్మి వస్తాదేటి?"

కొలత పెడితే పైపు చివర సరిగ్గా సర్టిఫికెట్టు మేకు దగ్గరికే వచ్చింది. కొంచెం జరపనా అని అడిగాను. ఆమె పటం తీసి బల్ల మీద బోర్లా పెట్టి, మేకు తనే పీకింది.

సిమెంటు గట్టిపడ్డాక పైపు పట్టుకుని, కాళ్లు రెండూ పైకి లేపి, ఊగి చూసింది. కదల్లేదు. దిగి, తాడు మరగబెట్టడానికి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.