వెళ్లమన్నా లేవని మా చిన్నమ్మ

నా చిన్నప్పుడు ఎల్బీనగర్‌లో మేముండే కిరాయి ఇంట్లో ఇంగ్లీషు పేరెత్తితే అందరికీ చెమటలు పట్టేవి. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్న మా చిన్నమ్మ మాత్రం రోజూ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేది. దవాఖానలో రిసెప్షన్ ఉద్యోగం కావాలని ఆమె ఆశ. ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే చదువు కట్టిపెట్టి ఊరికి వచ్చెయ్యమని మా తాతయ్య కబురు పంపాడు. ఆయన మాటంటే మాటే.

పెద్ద పెద్ద మాటలు చిన్నమ్మకు తొందరగానే పట్టుబడ్డాయి. ఏడిపించింది ఇన్, ఆన్, అండర్ లాంటి చిన్న ముక్కలే. మనం "డ్యూటీలో ఉన్నాడు" అంటే ఇంగ్లీషువాళ్లు ఆన్ డ్యూటీ అంటారు. సెలవులో ఉంటే ఆన్ లీవ్. పని ఒత్తిడి వచ్చేసరికి అండర్ ప్రెషర్. "సెలవు మీదెక్కి కూసుంటరా ఏంది గీళ్లు?" అని రొట్టెలు చేస్తూ విసుక్కునేది. పక్కన కూర్చుని నేను అడిగేదాన్ని, ఆమె చెప్పేది. ఇంట్లో ఒక్కటీ తప్పేది కాదు.

ఇంటర్వ్యూ రోజు అమ్మకు జ్వరం వచ్చి, తోడుగా నన్ను పంపింది. దవాఖానలో ఇంటర్వ్యూ గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న నాకు అన్నీ వినిపిస్తున్నాయి. డాక్టరుగారి కోసం ఫోనొస్తే ఏం చెబుతావని ఇంటర్వ్యూ చేసే సారు ఇంగ్లీషులో అడిగాడు. "డాక్టర్ ఈజ్ ఇన్ డ్యూటీ" అంది చిన్నమ్మ. ఇంట్లో ఎన్నడూ తప్పనిది అక్కడ తప్పింది. సారు పెన్ను పక్కన పెట్టి, సరేనమ్మా వెళ్లు అని, తర్వాతి అమ్మాయిని పిలిచాడు. ఆ అమ్మాయి నా పక్కనుంచి లేచి గుమ్మం దాకా వెళ్లింది కూడా.

చిన్నమ్మ కుర్చీలోంచి లేవలేదు. మా ఇళ్లలో పెద్దవాళ్లు వెళ్లమంటే వెళ్లిపోవడమే తెలుసు. ఇప్పుడు తిడతాడేమోనని నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. "సార్, నాకొస్తది. భయానికి తప్పు చెప్పిన. జర ఇంకొక్కసారి అడుగుండ్రి" అంది. గొంతు వణికింది గానీ బతిమాలుతున్నట్టు లేదు. ఆయన పక్కన పెట్టిన పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అదే ప్రశ్న ఇంకోసారి అడిగాడు. ఈసారి ఆన్ డ్యూటీ అని చెప్పి, ఎప్పుడు ఖాళీ అవుతారో కనుక్కుని చెబుతానని కూడా ఇంగ్లీషులోనే అంది. ఆ తర్వాత ఆయన వరసగా అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది.

బస్టాపుకొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. "సోమవారం కెల్లి డ్యూటీకి రమ్మన్నరు" అంది, అందరి ముందూ ఏడ్చేసింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎన్నో చోట్ల తడబడ్డాను, ఇక చాలు వెళ్లమ్మా అనిపించుకున్నాను. నాకూ గొంతు వణుకుతుంది. అయినా ఇంకొక్కసారి అడగండి అంటాను. కొందరు అడుగుతారు, కొందరు అడగరు. ఆ మాట అనకుండా మాత్రం ఇంతవరకు ఏ కుర్చీలోంచీ లేవలేదు.