పురుగులకని పులియబెట్టిన మజ్జిగ

పెరట్లో కరివేపాకు మీద రెట్టలు వేస్తున్నాయని కొన్నాళ్లుగా పిట్టలను తిట్టిపోస్తున్నాను. మొన్న కడుగుదామని నీళ్లు చల్లితే ఒక రెట్ట మెల్లగా నడిచి పక్క ఆకు మీదికి పోయింది! అవన్నీ ఆకులు మేసే పురుగులట. పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి చల్లితే పోతాయని పక్కింటి అక్క చెప్పింది. సరేనని గిన్నెడు కలిపి వంటింట్లో ఓ మూలన పులియబెట్టాను.

ఈ రోజు చల్లుదామని చూస్తే గిన్నె ఖాళీ. పొద్దున బీర్కూర్ బస్సులో వచ్చిన మా అత్తమ్మను అడిగాను.

"గా సల్లనా? మంచిగ పులిసింది, ఇంగువ గూడ నువ్వే ఏసి పెట్టినవ్. ఇగ పోపు పెట్టి చారు చేసిన బిడ్డా. ఏమైంది?"

అప్పటికే మా ఆయన రెండోసారి పోసుకుంటున్నాడు. "ఇసొంటి చారు నువ్వెప్పుడన్న చేసినవా?" అని నన్నే అడిగాడు. నేనూ కంచం ముందేసుకున్నాను. నిజంగానే బాగుంది. పోపులోకి మంచి కరివేపాకు రెమ్మ ఒక్కటీ దొరకలేదని అత్తమ్మకు మాత్రం అసంతృప్తి.

పురుగులకని పులియబెట్టింది మేం జుర్రుకున్నాం, మాకని పెంచింది అవి మేస్తున్నాయి. ఇంతకీ మీ ఇంట్లో పురుగులకు ఏం వండుతారు?