మునిరత్నం అన్న, కార్వేటినగరంలో ఆ వంటగది

నిన్న పొద్దున ఆఫీసులో సిస్టమ్ ఆన్ చేస్తుంటే పాకాల నుంచి ఫోన్. మునిరత్నం అన్న ఇక లేడని.

"ఏ మునిరత్నం?" అని అడిగాను. నాకు తెలిసిన మునిరత్నం ఒక్కడే.

తిరుపతి రైలు కోసం స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాడట. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. కునుకు పట్టిందేమో అనుకున్నారట అందరూ. టీ అమ్మే ఆయన భుజం తట్టి చూసేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

ఒళ్ళో టిఫిన్ బాక్స్ అట్లాగే ఉందట.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తిరుపతిలో మా సర్వే ఆఫీసులో అన్న సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. నగరిలో మగ్గాల ఇంటి నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చిన నాకు క్యాడ్, అంటే కంప్యూటర్లో ప్లాన్లు గీయడం, నేర్పింది ఆయనే. తొమ్మిదేళ్ళు పక్కపక్క సీట్లు మావి.

చేరిన వారంలోనే ఒక తప్పు చేశాను. డ్రాయింగ్‌కి కోఆర్డినేట్ సిస్టమ్ సెట్ చేయాలి. అంటే ఈ గీతలు భూమ్మీద ఎక్కడివో సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. మన తిరుపతి ఉండే జోన్ నలభై నాలుగు బదులు నలభై మూడు కొట్టాను.

మ్యాప్ తెరిస్తే మా తిరుపతి లేఅవుట్ మొత్తం అరేబియా సముద్రంలో ఉంది.

అన్న తిట్టలేదు. మెనూలు వెతకొద్దు, కమాండ్ చేత్తో టైప్ చెయ్యి, జోన్ కోడ్ పైకి చదువుకున్నాకే ఎంటర్ కొట్టు అన్నాడు.

"గీత ఎవురైనా గీస్తారు పాపా. అది యాడుండాదో చెప్పేదే మన పని."

నాలుగేళ్ళ కిందట కార్వేటినగరం పని వచ్చింది. పాత కోట దగ్గర ఒక వీధికి డ్రైనేజీ సర్వే. ఎవరింట్లోనో దొరికిన జమీందారీ కాలపు గుడ్డ మ్యాప్‌ని స్కాన్ చేసి పంపారు. అన్న దాన్ని ట్రేస్ చేసి, ఇప్పటికీ మిగిలున్న మూడు గోడ మూలలకు సరిపెట్టి, కమాండ్ కొట్టి కోఆర్డినేట్ సిస్టమ్ సెట్ చేశాడు. కింద శాటిలైట్ ఫోటో వచ్చింది.

పాత మ్యాప్‌లో ఒకచోట సున్నా చుట్టి, పక్కన బావి అని రాసుంది. ఆ సున్నా ఒక ఇంటి కప్పు మీద పడింది.

ఆ వీధిలో బావి ఉన్నట్టు ఊళ్ళో ఎవరికీ తెలియదు. అన్న ఫైల్ మూసి, మొదటి నుంచి మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అదే కప్పు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. కప్పు కింద జీపీఎస్ పనిచేయదు కాబట్టి పెరట్లో పాయింట్లు తీసుకుని, టేపుతో లోపలికి కొలిచాం. టేపు వంటగదిలోకి పోయింది.

ఆ ఇంటి పెద్దావిడ కాంతమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఏం వెతుకుతున్నామో మేం ఇంకా ఎవరికీ చెప్పలేదు. అన్న లెక్క చూసుకుంటుండగానే ఆమె లోపలికి వచ్చి, స్టవ్ పక్కన ఒక బండ మీద కాలు పెట్టింది.

"ఈడే కదా నాయనా. ఈడే పలుకుతాది."

టేపు సరిగ్గా ఆమె బొటనవేలి దగ్గర ఆగింది.

నేల పలుకుతోందని అంటుంటే, ఆమెకు గాలి సోకిందని కొడుకు రెండేళ్ళుగా తాయెత్తులు కట్టిస్తున్నాడట. కింద బావి ఉంది, గది ఖాళీ చేయమని అన్న చెప్తే కొడుకు నవ్వాడు. కంప్యూటర్లో సున్నా చూసి స్టవ్ మార్చాలా సార్ అన్నాడు.

అన్న వదల్లేదు. ఆఫీసుకు సంబంధం లేకపోయినా వరసగా ఆదివారాలు పోయి ఆ ఇంట్లో కూర్చున్నాడు. నాలుగో ఆదివారం వాళ్ళు స్టవ్వూ పరుపులూ వసారాలోకి తెచ్చుకున్నారు.

ఆ ఏడు వానల్లోనే ఒక మధ్యాహ్నం, అందరూ వసారాలో అన్నం తింటుండగా, వంటగది నేల లోపలికి దిగిపోయింది.

మేం వెళ్ళేసరికి గది మధ్యలో గుండ్రంగా నల్లటి నీళ్ళు. బావి రాతి కట్టు ఎక్కడా చెక్కుచెదరలేదు. కొడుకు వాళ్ళమ్మ చేతి తాయెత్తు విప్పేశాడు.

అందరం అంచున నిలబడ్డాం. కాంతమ్మ ఒక్కతే నీళ్ళకేసి చూస్తూ తలాడిస్తోంది, ఎవరికో బదులిస్తున్నట్టు.

తిరుగు బస్సులో, పుత్తూరు దాటాక అన్న నెమ్మదిగా అడిగాడు.

"పాపా, ఆడ నీకేమన్నా ఇనపడిందా?"

లేదన్నాను.

అన్న కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

నిన్న పాకాలలో వాళ్ళావిడ, మా వదిన, నన్ను పక్కకు పిలిచింది. అన్న ఆ తర్వాత చెవి డాక్టర్ల చుట్టూ తిరిగాడట. ఆ బావి దగ్గర కాంతమ్మలాగే తనకూ లేనిది వినిపించిందని, మనసు పాడవుతోందని నాలుగేళ్ళూ లోపల్లోపలే భయపడ్డాడట.

"నువ్వూ ఆడుంటివి కదమ్మా. నీకు నిజంగా ఏమీ ఇనపళ్ళేదా?"

చెప్పేశాను.

వినిపించింది. నీళ్ళ చప్పుడు కాదు. లోపలి నుంచి ఎవరో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టు. నా పేరూ వచ్చింది. భయమేసి అన్నకు అబద్ధం చెప్పాను.

వదిన చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

"ఆ మాట ఆయప్పకు చెప్పింటే నిమ్మళంగా ఉండేవాడు కదమ్మా," అంది.

అందుకే అందరి ముందూ రాస్తున్నాను. నీ మనసుకేమీ కాలేదన్నా. నేనూ విన్నాను.

పోయి రా అన్నా. ఏ పిలుపూ చేరని చోట నీకు కమ్మటి నిద్ర పట్టాలి.